వాసన పోయిన సూపర్ స్టార్: ఒక పెరటి గులాబీ కేస్ స్టడీ

గులాబీకి వాసన రావడం లేదని ఫోన్ చేసేవాళ్ళు చాలా తక్కువ. పూలు లేవనో, ఆకులు రాలిపోతున్నాయనో, మొగ్గ విచ్చకముందే మాడిపోతోందనో చేస్తారు. 2022 ఆగస్టులో సైనిక్‌పురి నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ చేశారు. "పువ్వు పూస్తోంది బాబూ, నెలకి ఒకటో రెండో. వాసన మాత్రం బొత్తిగా లేదు. కొన్నప్పుడు ఉండేది. ఒకసారి వచ్చి చూస్తారా?"

ఇళ్ళలో తోటలు చూసిపెట్టడం నా పని. వాసన గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు అప్పటిదాకా ఒకటే: మొక్క బాగుంటే వాసన అదే వస్తుంది. ఈ కేసులో ఆ జవాబు సగమే నిజమైంది. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఇల్లు మూడొందల గజాల్లో ఉంటుంది. తూర్పు వైపు కాంపౌండ్ గోడ వెంట పది గులాబీలు. పొద్దున్నే ఎండ తగిలి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఉంటుంది, తర్వాత ఇంటి నీడ. గులాబీకి ఇంతకంటే మంచి చోటు హైదరాబాద్‌లో దొరకదు. నేల ఎర్రమట్టి, కొంచెం గరుకు. నీళ్ళు బోరువి, బకెట్ అంచున తెల్లగా గార కట్టే రకం. తొమ్మిది మొక్కలు మామూలు ఎరుపు, గులాబీ రంగువి, వాటితో గొడవ లేదు. గొడవంతా గేటు పక్కనున్న పదో మొక్కతోనే. 2020 సంక్రాంతికి రాజమండ్రి పుట్టింటికి వెళ్ళినప్పుడు కడియపులంకలో పువ్వుతో సహా కొని, కారులో వెనక సీటు మీద పెట్టుకుని తెచ్చుకున్నారట. ప్లాస్టిక్ ట్యాగ్ ఇంకా ఉంది. దాని మీద 'సూపర్ స్టార్' అని ఉంది.

ఆ మాట వింటే తెలుగువాళ్ళకి కృష్ణ గారు గుర్తొస్తారు. కానీ కృష్ణ గారు హీరో కాకముందే ఈ గులాబీకి ఆ పేరుంది. 1960లో ఉత్తర జర్మనీలో యూటర్సెన్ ఊరికి చెందిన టాంటావ్ నర్సరీ దీన్ని బయటికి తెచ్చింది. అమెరికాలో దీన్నే ట్రోపికానా అంటారు, అక్కడ 1963లో ఆల్ అమెరికా అవార్డు వచ్చింది. అప్పటిదాకా హైబ్రిడ్ టీ గులాబీల్లో, అంటే పొడుగు కాడకి ఒక్కో పెద్ద పువ్వు పూసే రకాల్లో, ఇంత కణకణలాడే పగడపు నారింజ రంగు లేదు. మామూలు ఎర్ర గులాబీల్లో ఉండే రంగు పదార్థం కొంచెం నీలం వైపు మొగ్గుతుంది, అందుకే పాతబడితే ఊదాగా మారతాయి. ఇందులో ఉండేది పెలార్గోనిడిన్, ఇళ్ళ ముందు కుండీల్లో పెంచే జెరేనియం పూల రంగు. వాడిపోయే దాకా ఆ నీలం ఛాయ రాదు. దానికి తోడు పీస్ అనే ప్రసిద్ధ గులాబీ రక్తం ఇందులో ఉంది, పసుపు అటునుంచి వచ్చింది.

ఆ పసుపు ఎక్కడిదో వెనక్కి తవ్వుకుంటూ పోతే రోజా ఫీటిడా అనే అడవి గులాబీ దగ్గర తేలతాం. ఫీటిడా అంటే లాటిన్‌లో కంపుకొట్టేది అని అర్థం. కమ్మటి వాసనకి పేరుపడ్డ నారింజ గులాబీలకి ముత్తవ్వ అది! ఫ్రాన్స్‌లో పెర్నె డ్యుషే 1900లో సోలెయ్ దోర్ పేరుతో దాని పసుపును తోట గులాబీల్లోకి తెచ్చాడు. రంగుతో పాటు నల్ల మచ్చ తెగులుకి లొంగిపోయే గుణం కూడా సారెలో వచ్చేసింది. పసుపు, నారింజ గులాబీ పెంచేవాళ్ళందరూ ఆ సారె మోస్తున్నవాళ్ళే.

మొదటి రోజు

గేటు దగ్గరికి వెళ్ళేసరికి మొక్క ఆరడుగుల ఎత్తుంది. నాలుగు పొడుగాటి కొమ్మలు గోడ దాటి వీధిలోకి వంగాయి, లేత ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ, ముళ్ళు దాదాపు లేకుండా. చూసినవాళ్ళు మొక్క ఎంత ఏపుగా ఉందో అంటారు. వాటి మీద ఒక్క మొగ్గ లేదు. వాటి వెనకాల గోడకి ఆనుకుని ఒకే ఒక్క ముదురు కొమ్మ, రెండడుగులుంటుంది. పెద్ద ముళ్ళు, పై నాలుగు ఆకులు తప్ప మిగతావన్నీ రాలిపోయాయి. ఉన్న నాలుగింటి మీద కూడా అంచులు చిట్లినట్టుండే నల్ల మచ్చలు, చుట్టూ పసుపు. నెలకో పువ్వు పూస్తున్నది ఆ ముసలి కొమ్మే.

తోటమాలి యాదగిరి నా కంటే ముందే పసిగట్టాడు. "ఏడాకులున్నయ్ సార్, ఇది అడివిది" అన్నాడు. ఏడు ఆకులుంటే అడవిది, అయిదుంటే మంచిది అని నర్సరీల్లో అందరూ అనేదే. ఈసారి అతని మాట నిజమైంది కానీ ఆ లెక్క నమ్మి కటర్ పెట్టొద్దు. బలంగా పెరిగే హైబ్రిడ్ టీ కొమ్మకి కూడా ఏడు ఆకులు వస్తాయి, సూపర్ స్టార్‌కి మరీను. అలా నరికేసిన మంచి కొమ్మలు ఎన్నో చూశాను.

నేను చూసేది వేరే. ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట, కాడ మొదట్లో రెండు పక్కలా సన్నటి పొరలాంటి చిన్న రెక్కలుంటాయి. మంచి కొమ్మ మీద ఆ రెక్కల అంచు నున్నగా ఉంటుంది, వేలితో రాస్తే ఏమీ తగలదు. ఈ పొడుగాటి కొమ్మల మీద ఆ అంచు దువ్వెన పళ్ళలా చీలికలు చీలికలుగా, వెంట్రుకల్లా ఉంది. టీచరమ్మ గారి కళ్ళద్దాలు అడిగి తీసుకుని, భూతద్దంలా పట్టుకుని ఆవిడకే చూపించాను. దువ్వెన అంచు మల్టీఫ్లోరా జాతి గుర్తు. అంటు కట్టడానికి కింద వాడే మొక్కల్లో అదొకటి.

గులాబీ అంటు అంటే రెండు మొక్కల కాపురం. వేళ్ళు ఒకదానివి, పైన చిగురేసి పూసే కన్ను ఇంకోదానిది. ఆ కన్ను అతికించిన ముడి నేలకి రెండంగుళాలు పైనే ఉండాలి. ఇక్కడ వేళ్ళతో మట్టి తవ్వి చూస్తే ముడి మూడంగుళాల లోతులో ఉంది. నాటిన మరుసటి ఏడాది బెడ్ బలంగా ఉండాలని కొత్త మట్టి, పేడ ఎరువు పోసి ఎత్తు చేశారట. ముడి కింద నుంచి పిలకలు లేచాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఏపుగా ఉన్నాయి కదా అని వాటికే నీళ్ళు, వాటికే ఎరువు. పైగా ఆకులు పసుపురంగులోకి తిరిగాయని రెండుసార్లు యూరియా. పైనున్న అసలు మొక్కకి మిగిలింది ఏమీ లేదు.

ఇంకో కారణం నీళ్ళు పెట్టే తీరు. రోజూ సాయంత్రం ఆరింటికి పైపుతో ఆకుల మీదుగా స్నానం చేయించేవారు, దుమ్ము పోతుందని. నల్ల మచ్చ బూజు మొలకెత్తడానికి ఆకు కనీసం ఏడు గంటలు తడిగా ఉండాలి. సాయంత్రం తడిపిన ఆకు ఆగస్టులో తెల్లారేదాకా ఆరదు. తెగులుకి మనమే పక్క వేసి పడుకోబెట్టినట్టు.

"ఇవన్నీ సరిచేస్తే వాసన వస్తుందా?" అని అడిగారు. "వస్తుందమ్మా" అన్నాను, చాలా ధీమాగా.

ఏం చేశాం

ఆ రోజే పిలకలు తీసేశాం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు నేల మట్టానికి కత్తిరించడం. అలా చేస్తే ఒకటి పోయి మూడు వస్తాయి, అడుగున కళ్ళు మిగిలిపోతాయి కాబట్టి. మట్టి తీసి, పిలక ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెళ్ళి, కిందికి వంచి మడమతో సహా, అంటే వేరుకి అతుక్కున్న అడుగు ముక్కతో సహా, చీల్చినట్టు లాగాలి. నాలుగింట్లో మూడు అలా వచ్చాయి. నాలుగోది బొటనవేలంత లావయింది, వేరు చీలిపోతుందని భయమేసి కత్తితో వీలైనంత లోతుగా చెక్కాం. మిగతా కథలో ఆ నాలుగోది మళ్ళీ వస్తుంది.

ముడి కనబడేదాకా చుట్టూ మట్టి తోడేశాం. రాలిన ఆకులు ఏరి కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చాం, కంపోస్టులో వెయ్యలేదు. నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర మాత్రమే. ఆగస్టులో పెద్ద కత్తిరింపు చెయ్యలేదు. వానల్లో కోసిన కొమ్మ కొస నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ వస్తుంది, ఉన్నదే ఒక్క కొమ్మ.

ఆకుల పసుపు సంగతి వేరే. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోయింది. అది నత్రజని లోపం కాదు, ఇనుము అందకపోవడం. నేలలో ఇనుము లేక కాదు. ఏళ్ళ తరబడి బోరు నీళ్ళతో మట్టి క్షారంగా మారిపోయి, ఉన్న ఇనుము వేరుకి చిక్కడం లేదు. మట్టి పీహెచ్ 8 దాటింది. షాపులో చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క పీల్చుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, అని అడిగితే ఎక్కువగా ఈడీటీఏ రకం ఇస్తారు. అది ఇలాంటి మట్టిలో నిలబడదు. ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నది కావాలి, నీళ్ళలో కలిపితే వైన్ రంగులోకి వస్తుంది. అయిదు గ్రాములు ఒక బకెట్ నీళ్ళలో, నెలకోసారి. మూడు వారాల్లో కొత్త ఆకు ముదురు పచ్చగా వచ్చింది. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టి ఈ ఒక్క మొక్కకి వాడమన్నాను. పది మొక్కలకీ సరిపోయే డ్రమ్ము కొనేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ అప్పటికే అరటి తొక్కల నీళ్ళు, కోడిగుడ్డు పెంకుల పొడి, వాడేసిన టీపొడి అన్నీ వేసి చూశారు. టీపొడిలో పాలు, చక్కెర ఉండటంతో చీమలు పుట్ట పెట్టాయి. క్షారం ఎక్కువైన మట్టికి గుడ్డు పెంకులంటే సున్నం మీద సున్నం. వీడియోలు చూసి చేసేవాళ్ళని నేను ఏమీ అనను, మొక్క మీద ప్రేమతోనే చేస్తారు. కానీ మట్టి ఏమిటో తెలియకుండా వేసే ఏ పొడి అయినా చీకట్లో రాయే.

అక్టోబర్ 15న, వానలు వెనక్కి తగ్గాక, కత్తిరింపు చేశాం. అప్పటికి ముసలి కొమ్మకి తోడు ముడి దగ్గర నుంచి ఎర్రటి లేత కొమ్మ ఒకటి లేచింది, ముడి పైనుంచే, నేను మూడుసార్లు చూసి నిర్ధారించుకున్నాను. ముసలిదాన్ని అడుగున్నర దగ్గర, బయటి వైపు చూసే కన్నుకి పావు అంగుళం పైన, ఏటవాలుగా కోశాం. లేతదాన్ని కొస మాత్రమే తుంచాం. కోసిన చోట బోర్డో పేస్టు రాశాం. వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి లీటరు నీళ్ళకి సరిపెట్టుకోవడమే, ఇనప గిన్నె మాత్రం వాడకూడదు. తర్వాత మొక్క మొదలు చుట్టూ నాలుగు తట్టల పాత పశువుల ఎరువు, రెండు పిడికిళ్ళ వేప పిండి, పిడికెడు ఎముకల పొడి. ముడి మీద పడకుండా!

49వ రోజు

ఉత్తర భారతంలో లాగా మనకి కోత తర్వాత చలి దెబ్బ ఉండదు. హైబ్రిడ్ టీ కోసిన నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజుల్లో పూస్తుంది. డిసెంబర్ 3 పొద్దున టీచరమ్మ గారి దగ్గర నుంచి ఫోటో వచ్చింది. సరిగ్గా ఏడు వారాలు అని లెక్క కూడా రాశారు. ముప్పైకి పైగా రేకులు, మధ్యలో శంఖంలా నిలబడ్డ కొస, పొయ్యిలో నిప్పుకణిక రంగు. జనవరికల్లా రెండు కొమ్మల మీద తొమ్మిది మొగ్గలు. కేసు ముగిసిందనుకున్నాను.

వారం తర్వాత ఫోన్. "పువ్వు మహారాణిలా ఉంది బాబూ. వాసన లేదు."

నిజం చెప్పాలంటే కొంచెం చిరాకేసింది. ట్యాగ్ తప్పేమో అనుకున్నాను. నారింజ రంగువి వాసన లేనివి బోలెడు రకాలున్నాయి, ట్యాగులు అటూ ఇటూ మారడం మామూలే. మర్నాడు వేరే పని మీద అటు వెళ్తూ తొమ్మిదిన్నరకి గేటు దగ్గర ఆగాను. సగం విచ్చిన పువ్వు ఒకటి ఎండలో ఉంది. వంగి చూస్తే కమ్మటి పండ్ల వాసన, గొంతులోకి దిగేంత. రకం తప్పు కాదు. మొక్క తప్పు కాదు.

లోపలికి వెళ్ళి కాఫీ తాగుతూ అడిగాను. "అమ్మా, మీరు పువ్వు వాసన ఎప్పుడు చూస్తారు?"

"సాయంత్రం. చెట్టు మీద మిగిలిన వాటిని."

"పొద్దున్న?"

ఆవిడ నా వైపు వింతగా చూశారు. "పొద్దున్న పూలు దేవుడికి కదా. వాసన చూస్తే ఎంగిలైపోదూ?"

అంతే సంగతి. ఆరింటికి స్నానం చేసి, విచ్చీ విచ్చని పూలు కోసి, ముక్కుకి దూరంగా పట్టుకుని పూజగదిలో పెట్టేస్తారు. కోయకుండా మిగిలేవి బాగా విచ్చుకుని అందం తగ్గిన పూలు. వాటిని సాయంత్రం అయిదున్నరకి, పగలంతా ఎండలో ఉన్నాక వాసన చూస్తారు. మూడేళ్ళ క్రితం కడియపులంకలో ఎప్పుడు చూశారంటే, జనవరి పొద్దున, పది గంటలప్పుడు, అప్పుడే విచ్చుతున్న పువ్వుని. అది కొనబోయే పువ్వు, దేవుడిది ఇంకా కాలేదు.

గులాబీ రేకు వాసనని సీసాలో అత్తరులా దాచుకోదు. రేకు పై పొర కణాల్లో తయారైంది తయారైనట్టు గాలిలోకి వదిలేస్తుంది. పువ్వు సగం విచ్చినప్పుడు ఆ తయారీ జోరుగా ఉంటుంది, పూర్తిగా విచ్చి పాతబడ్డాక మందగిస్తుంది. చలిగా ఉంటే ఆ నూనెలు ఆవిరి కావు, మరీ ఎండ, పొడి గాలి అయితే ముక్కుకి అందేలోపే ఎగిరిపోతాయి. సాయంత్రం పాత పువ్వుని వాసన చూసి మొక్కకి వాసన లేదనడం, భోజనాలైపోయాక పెళ్ళికెళ్ళి వంట బాగాలేదనడం లాంటిది.

నేను చెప్పింది విని ఆవిడ ఒప్పేసుకోలేదు. లెక్కల టీచర్. "అయితే కొలుద్దాం" అన్నారు. పాత క్లాస్‌వర్క్ నోటుబుక్కులో గీతలు గీశారు: తేదీ, టైము, పువ్వు ఎంత విచ్చింది, ఎండా మబ్బా, వాసనకి సున్నా నుంచి అయిదు మార్కులు. దేవుడికి పెట్టే పూలు మిగతా తొమ్మిది మొక్కల నుంచే. మార్కులు ఆవిడొకరు, తొమ్మిదేళ్ళ మనవరాలొకరు, ఒకరి మార్కు ఇంకొకరికి చూపించకుండా.

ఆ నోటుబుక్కు ఫిబ్రవరి మొదట్లో చూశాను. నేను పొద్దున్నే బాగుంటుందని చెప్పాను కదా, అదీ పూర్తిగా నిజం కాదు. ఆరున్నరకి, మంచు పడ్డ పొద్దుల్లో, ఎక్కువగా 2. ఎండ రేకుకి తగిలాక, తొమ్మిది పదింటి మధ్య, సగం విచ్చిన పువ్వుకి 4 కంటే తక్కువ రెండే రెండుసార్లు. సాయంత్రం విచ్చుకున్న పువ్వుకి 2 దాటింది ఒక్కసారి, మబ్బు పట్టి గాలి ఆగిపోయిన రోజు. ఆరింటికి కోసి గ్లాసు నీళ్ళలో పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచితే, పది గంటలకి గది వెచ్చబడ్డాక 3, 4. ఇది నాకు తెలియదు. ఇప్పుడు నా క్లయింట్లకి చెప్తున్నాను.

ఇంకో తేడా కూడా ఆ పుస్తకంలోనే బయటపడింది. మనవరాలి మార్కులు ఎప్పుడూ ఆవిడ కంటే ఒకటి ఎక్కువ. ఎందుకని అడిగితే పిల్ల, "ఫ్రూట్ సలాడ్ వాసన వస్తుంది" అంది. టీచరమ్మ గారు కాసేపు ఆలోచించి, "నేను పన్నీరు గులాబీ వాసన కోసం వెతుకుతున్నానేమో" అన్నారు. చిన్నప్పుడు పుట్టింటి పెరట్లో నాటు గులాబీ ఉండేదట, లేత గులాబీ రంగుది, వాళ్ళమ్మ గుల్కంద్ చేసేవారట. ఆ తియ్యటి అత్తరు వాసన వేరు, ఇది వేరు. ఇందులో దొరికేది పండిన పండు వాసనే. ముక్కు ఒకటి కోరుకుంటుంటే పువ్వు ఇంకోటి ఇస్తోంది.

వాసనే ముఖ్యం అనుకునేవాళ్ళకి ఇదే టాంటావ్ వాళ్ళ ఫ్రేగ్రంట్ క్లౌడ్, 1963 నాటిది, ఇంకా ఘాటు. రంగు మాత్రం నారింజ కంటే పగడపు ఎరుపు వైపు పోతుంది. కొత్తగా నాటేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మంచిది. ఉన్నది పీకి అది పెట్టమని మాత్రం నేను చెప్పను.

నేను చేసిన తప్పు

జనవరి మూడో వారంలో లేత ఆకులు ముడుచుకుని తెల్లగా బూడిద పట్టాయి. సూపర్ స్టార్‌కి పుట్టుకతో ఉన్న బలహీనత ఇది. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, గాలిలో తేమ ఉంటే బూడిద తెగులు తప్పదు. నల్ల మచ్చలా దీనికి ఆకు తడవక్కర్లేదు, అందుకే నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పోస్తున్నా వచ్చింది. నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి రెండు గ్రాములు కొట్టమని ఫోన్‌లో చెప్పాను. కొట్టారు. నాలుగు రోజులకి ఆకులన్నీ అంచులు కాలినట్టు గోధుమరంగులోకి వచ్చాయి, రెండు మొగ్గలు మాడిపోయాయి.

వెళ్ళి అడిగితే, అయిదు రోజుల ముందు పేనుబంక కోసం వేప నూనె కొట్టారని తెలిసింది. వేప నూనె కొట్టమన్నది నేనే, డిసెంబర్‌లో, అవసరమైతే కొట్టండి అని. నూనెకి, గంధకానికి మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఫోన్‌లో చెప్పే ముందు ఈమధ్య ఇంకేం కొట్టారమ్మా అని ఒక్క ముక్క అడగలేదు, అంతే. టీచరమ్మ గారు నోటుబుక్కులో ఆ తేదీ పక్కన ఎర్ర పెన్నుతో "కన్సల్టెంట్: -1" అని రాసి నాకు చూపించారు. సంతకం కూడా పెట్టించుకున్నారు.

అప్పటి నుంచి ఏ ఇంటికైనా స్ప్రే రాసిస్తే ముందు ఆ ఇంటి స్ప్రేల తేదీలు రాయిస్తున్నాను.

ఎండాకాలం, ఆ తర్వాత

ఎండాకాలం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్చి చివర్లో తామర పురుగులు మొగ్గల్లో దూరి రేకుల అంచులు గోధుమరంగుకి తిప్పేశాయి. నీలం జిగురు అట్టలు కట్టాం, వాడిన పూలన్నీ తీసేశాం, ఒక్కసారి స్పైనోసాడ్ అనే పురుగుమందు కొట్టాం. ఏప్రిల్, మే నెలల్లో మొగ్గ బఠాణీ గింజంత ఉన్నప్పుడే తుంచేశాం. 40 డిగ్రీల్లో పూసే సూపర్ స్టార్ చిన్నగా, వెలిసిపోయి, ఒక్కపూటలో రాలిపోతుంది. యూటర్సెన్‌లో నడి వేసవి కూడా మన డిసెంబర్ పగలంత వేడి ఉండదు. అలాంటి చోట పుట్టిన మొక్కకి మన మే నెలలో పూలు అడగడం పాపం. పాదులో ఎండుటాకులు మందంగా పరిచాం. ఎర్ర నల్లి కొంచెం వచ్చింది, ఆకు అడుగున నీళ్ళు గట్టిగా చిమ్మితే తగ్గింది. అదీ పొద్దున్నే.

జూలైలో నాలుగో పిలక మళ్ళీ లేచింది. 2022లో చెక్కి వదిలేసిన చోట నుంచే. ఈసారి యాదగిరి ఆకులు లెక్కపెట్టలేదు. కాడ మొదట్లో రెక్కల్ని వేలితో రాసి చూసి, "దువ్వెన ఉంది సార్" అని ఫోన్ చేశాడు. వానకి మట్టి మెత్తబడి ఉండటంతో మడమతో సహా వచ్చేసింది.

2023 అక్టోబర్ కత్తిరింపులో మూడు కొమ్మలున్నాయి, మూడూ ముడి పైనుంచి పుట్టినవే. మూడేళ్ళు ఒంటి కాలి మీద నిలబడిన ముసలి కొమ్మని తీసేయమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. దాని మీద రెండు కళ్ళు వదిలి మిగతాది కోశాం. డిసెంబర్‌లో అదీ ఒక పువ్వు పూసింది, మిగతా రెండు పూసిన పదకొండింటితో పాటు. బూడిద తెగులు ఆ ఏడాది కూడా వచ్చింది. ముడుచుకున్న మొదటి ఆకు చూడగానే గంధకం కొట్టడంతో మొగ్గలు పోలేదు.

డిసెంబర్ చివర్లో వెళ్ళినప్పుడు తొమ్మిదిన్నర అయింది. టీచరమ్మ గారు గేటు దగ్గర ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నారు, చేతిలో కాఫీ గ్లాసు. పూజ అయిపోయింది. అన్ని పూలూ కోసేశారు, ఒక్కటి తప్ప. గోడ వైపు కొమ్మ మీద, సగం విచ్చింది. యాదగిరి కటర్ పట్టుకుని అటు నడుస్తుంటే ఆవిడ గ్లాసు పైకెత్తి ఆపారు.

"అది ముట్టుకోకు. అది దేవుడిది కాదు, నాది."